ఒక కోకో బస్తా, నాలుగు సిద్ధాంతాలు

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. నెట్‌కీ, గ్రూప్-1 మెయిన్స్‌కీ కలిపి చదువుకుంటున్నా. అభివృద్ధి సిద్ధాంతాల దగ్గరకొచ్చేసరికి బుర్ర వేడెక్కిపోతోంది. నర్క్స్ విషవలయం అంటాడు, రోస్టో దశలంటాడు, లూయిస్ మిగులు శ్రామికులంటాడు, ఫ్రాంకేమో అసలు ఈ దేశాల్ని పేదగా చేశారంటాడు. చదువుతున్నంతసేపూ అందరిదీ నిజమే అనిపిస్తుంది. ‘పేద దేశాలు పేదగానే ఎందుకు ఉండిపోయాయి?’ అని టెస్టులో అడిగితే ఎనిమిది పేర్లు, ఎనిమిది సంవత్సరాలు రాసి వస్తున్నా. సగం మార్కులు కూడా రావడం లేదు. వీటిలో ఏది సరైనదో ఎలా తేల్చుకోవాలి? మాది వ్యవసాయ కుటుంబం, కొబ్బరి తోటలో కోకో ఉంది. పుస్తకంలో చదివేదానికీ మా తోటకీ సంబంధమే కనిపించదు.
– ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా

సమాధానం: అందరిదీ నిజమే అనిపించడానికి కారణం ఉంది. వీళ్లంతా ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. హారడ్-డోమార్ అడిగేది ‘పెట్టుబడి ఎంత కావాలి?’ అని. లూయిస్‌ది ‘ఆ పెట్టుబడి ఎవరి పొదుపులోంచి వస్తుంది?’ అనే ప్రశ్న. ప్రెబిష్, సింగర్‌లది ‘అమ్మిన సరుకుకి ఎంత వస్తోంది?’ అని. ఫ్రాంక్, రోడ్నీ అడిగేది ‘మిగులు ఎవరు పట్టుకుపోయారు?’ అని. రాబర్ట్ బేట్స్ లాంటివాళ్లు ‘దేశం లోపల ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎవరికోసం?’ అంటారు. గైడ్లలో వీటన్నిటినీ ‘ప్రమేయాలు, వివరణ, విమర్శ’ అని ఒకే అచ్చులో పోస్తారు కాబట్టి పోటీ సిద్ధాంతాల్లా కనిపిస్తాయి.

దీనికి మందు ఒకటే. ఒక దేశాన్నీ, ఆ దేశంలో ఒక సరుకునీ పట్టుకుని డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూడండి. మీ ఇంట్లో కోకో ఉంది కాబట్టి ఘనాను తీసుకుందాం. కోకో లేకపోయినా ఘనాయే చెప్పేవాళ్లం. ఎందుకంటే సిద్ధాంతకర్తల్లో ముఖ్యుడైన ఆర్థర్ లూయిస్ అక్కడ స్వయంగా పనిచేశాడు.

ఘనా పాత పేరు గోల్డ్ కోస్ట్, బ్రిటిష్ వలస. కోకో అక్కడి పంట కాదు, 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. 1911కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో ఎగుమతి చేసే ప్రాంతమైంది. ఇందులో తెల్లవాళ్ల ఎస్టేట్లు దాదాపు లేవు. ఆఫ్రికన్ రైతులే సొంత డబ్బుతో అడవి భూములు కొని, వలస వెళ్లి, మొక్కలు పెట్టారు. ‘సంప్రదాయ రైతుకు లాభాపేక్ష తెలియదు’ అనే ఆధునికీకరణ వాదపు మాట ఇక్కడే నిలవదు. జవాబులో ఈ ఒక్క వాక్యం రాస్తే పేజీ విమర్శకు సమానం.

రైతు దగ్గర కొనేది మాత్రం యూరప్ కంపెనీలు. వాళ్లు కూడబలుక్కుని ధర దించడంతో 1937-38లో రైతులు కోకో అమ్మకాలే ఆపేశారు. బ్రిటిష్ ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. యుద్ధం తర్వాత, 1947లో, కోకో మార్కెటింగ్ బోర్డు పెట్టారు. పంటంతా బోర్డే కొంటుంది, లండన్‌లో అమ్ముతుంది, ధర పెరిగిన ఏడాది మిగిల్చి పడిపోయిన ఏడాది రైతుకు అందిస్తుంది. కాగితం మీద ఏర్పాటు ఇదీ.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 1954లో ప్రపంచ కోకో ధర టన్నుకు 400 పౌండ్లు దాటింది. అదే ఏడాది అక్కడి ప్రధాని క్వామే న్క్రుమా ప్రభుత్వం రైతుకిచ్చే ధరను లోడుకు 72 షిల్లింగులుగా నాలుగేళ్లకు బిగించింది. లోడంటే 60 పౌన్ల బరువు. బ్రిటిష్ టన్ను 2,240 పౌన్లు కాబట్టి టన్నుకు 37.3 లోడ్లు. 72 షిల్లింగులంటే 3.6 పౌండ్ల డబ్బు. రెండూ గుణిస్తే టన్నుకు 134 పౌండ్లు. అంటే రైతు చేతికి వచ్చింది ఆ శిఖర ధరలో మూడో వంతు. ఆ కోపంతోనే అదే సంవత్సరం సెప్టెంబరులో అషాంటీ (Ashanti) అనే ప్రాంతంలో న్క్రుమాకు వ్యతిరేకంగా నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ పుట్టింది.

ఈ తేడా సొమ్ము మీదికి మీ సిద్ధాంతాలను ఒక్కొక్కటిగా తీసుకురండి. లూయిస్ చదివినవాడు, ‘పేద దేశంలో పొదుపు 4, 5 శాతం నుంచి 12, 15 శాతానికి ఎలా పెరుగుతుందన్నదే అసలు సమస్య, లాభాలు మళ్లీ పెట్టుబడి పెట్టే వర్గం ఇక్కడ లేదు కాబట్టి రాజ్యమే ఆ పని చేస్తోంది’ అంటాడు. పరాధీనతావాది, అంటే ఫ్రాంక్, రోడ్నీల వర్గం, బోర్డు నిల్వలు ఎక్కడున్నాయని అడుగుతాడు. వలస కాలంలో వాటిని లండన్‌లో స్టెర్లింగ్ సెక్యూరిటీలలో (పౌండ్లలో ఉండే బ్రిటిష్ రుణపత్రాల్లో) ఉంచారు. అంటే అప్పులు చేసి పాఠశాలలు కట్టుకోవాల్సిన దేశం బ్రిటన్‌కే అప్పిచ్చిందన్నమాట. దాదాభాయ్ నౌరోజీ సంపద తరలింపు వాదం మీకు తెలుసు కదా, దానికి ఇది దగ్గరి బంధువు. బేట్స్ చూపు ఇంకోవైపు. పల్లెల్లో చెదిరిపోయి ఉన్న రైతు వీధికెక్కలేడు, నగరంలో ఉద్యోగి, కార్మికుడు, సైనికుడు ఎక్కగలరు; అందుకని స్వతంత్ర ప్రభుత్వం కూడా రైతు ధరనే కోస్తుంది అంటాడు. ఒకే బస్తా, ఒకే తేడా సొమ్ము. ముగ్గురూ ముగ్గురే, కానీ ఒకరిది నిజమైతే మరొకరిది అబద్ధం కానక్కరలేదు. తేల్చాల్సింది ఏ కాలంలో ఎవరి కారణానికి ఎక్కువ బలం ఉందన్నదే. 1947-57 మధ్య స్టెర్లింగ్ నిల్వల వాదన గట్టిది. 1970లలో ఆ వాదనతోనే నెట్టుకురాలేరు.

లూయిస్ దగ్గర ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ‘లూయిస్ నమూనా ఘనా వంటి ఆఫ్రికా దేశాలకు వర్తిస్తుంది’ అని రాస్తారు. 1954 వ్యాసంలో అపరిమిత శ్రామిక సప్లయ్ గురించి రాస్తూనే, ఆఫ్రికాలో కొన్నిచోట్ల మగ కూలీల తీవ్ర కొరత ఉందని ఆయనే మినహాయించాడు. ఆయన మనసులో ఉన్నవి ఇండియా, ఈజిప్టు, జమైకా వంటి జనసాంద్రత ఎక్కువున్న దేశాలు. గోల్డ్ కోస్ట్ పారిశ్రామికీకరణపై 1953లో ఇచ్చిన నివేదికలో ఫ్యాక్టరీలకు మొదటి స్థానం ఇవ్వనే లేదు. స్థానిక మార్కెట్ కోసం తిండిగింజలు పండించే రైతు ఉత్పాదకత ముందు పెంచండి, తర్వాత ప్రజాసేవలు, పరిశ్రమలు ఆ వెనకే అన్నాడు. తిండి పంట దిగుబడి పెరగకపోతే ఫ్యాక్టరీకి కూలీలూ దొరకరు, సరుకు కొనేవాళ్లూ ఉండరు. ఇదీ ఆయన లెక్క. 1957లో న్క్రుమాకు ఆర్థిక సలహాదారుగా చేరి, ఆర్భాటపు ఖర్చుల మీద పేచీపడి, ఏడాది తిరిగేసరికల్లా వెళ్లిపోయాడు. మీ సలహా ఆర్థికంగా సబబే కావచ్చు గానీ నేను రాజకీయ నాయకుణ్ని, భవిష్యత్తు మీద పందెం కాయక తప్పదు అన్న అర్థంలో న్క్రుమా ఆయనకు రాశాడు. అభివృద్ధి సిద్ధాంతాల పుస్తకాల్లో ఎక్కడా దొరకని పాఠం ఆ మాటలో ఉంది.

హారడ్-డోమార్ లెక్క చేతితో చేసి చూడండి, లేకపోతే పట్టుబడదు. వృద్ధి రేటు = పొదుపు రేటు ÷ మూలధన-ఉత్పత్తి నిష్పత్తి (ఒక రూపాయి ఉత్పత్తి పెరగడానికి ఎన్ని రూపాయల పెట్టుబడి కావాలో ఆ సంఖ్య). పొదుపు 12 శాతం, నిష్పత్తి 4 అనుకుంటే వృద్ధి 3 శాతం. జనాభా 2.5 శాతం పెరుగుతుంటే తలసరి పెరిగేది అర శాతమే. 6 శాతం వృద్ధి కావాలంటే 24 శాతం పెట్టుబడి కావాలి. తక్కువపడిన 12 శాతం విదేశీ సాయంగానో అప్పుగానో రావాలి. ప్రణాళికలన్నీ, సాయం లెక్కలన్నీ చాలాకాలం ఇలాగే వేశారు. లెక్క తప్పేది ఆ 4 దగ్గర. అది ప్రకృతి ఇచ్చిన సంఖ్య కాదు. యంత్రం సగం రోజులు ఆగితే అది 8 అవుతుంది, అంత పెట్టుబడీ పెట్టి మళ్లీ 3 శాతం దగ్గరే ఉంటాం.

ఘనాలో అదే జరిగింది. 1960ల మొదట్లో పెట్టుబడి రేటు రోస్టో ప్లవన దశకు (టేకాఫ్, ఆర్థిక వ్యవస్థ పైకి ఎగిరే దశ) అడిగిన 10 శాతాన్ని బాగా దాటింది. తలసరి ఆదాయం మాత్రం కదల్లేదు. ఎందుకో టోనీ కిల్లిక్ అనే ఆర్థికవేత్త ప్రాజెక్టు ప్రాజెక్టుగా నమోదు చేశాడు. చెప్పుల పరిశ్రమ చూడండి: పశువుల తోళ్లు ఉత్తరాన బోల్గతంగ నుంచి దేశం ఈ చివరి నుంచి ఆ చివరకు దక్షిణానికి వచ్చి అక్కడ పదును కావాలి, ఆ తోలు మళ్లీ వెనక్కి కుమాసీకి వెళ్లి చెప్పులు కావాలి, చెప్పులు కొనేవాళ్లు ఎక్కువగా అక్రాలో ఉన్నారు కాబట్టి మళ్లీ దక్షిణానికి రావాలి. మామిడి డబ్బాల ఫ్యాక్టరీ ఇంకా ఘోరం. దాని సామర్థ్యం అప్పటి ప్రపంచ మామిడి ఉత్పత్తుల వ్యాపారం మొత్తాన్ని మించింది, చుట్టుపక్కల చూస్తే మామిడి చెట్లే అరకొర. హిర్ష్‌మన్ చెప్పిన ముందు, వెనుక అనుబంధాలు (ఒక పరిశ్రమ తన సరుకు వాడేవాళ్లతోనూ, తనకు ముడిసరుకు ఇచ్చేవాళ్లతోనూ కలిపే లింకులు) ఈ రెండిట్లోనూ కాగితం మీద ఉన్నాయి. లారీ కిరాయి, ముడిసరుకు లెక్కలోకి రాలేదు. హిర్ష్‌మన్ ‘అసంతులిత వృద్ధి’ (అన్ని రంగాల్లో కాక కొన్నింట్లోనే ముందు పెట్టుబడి పెట్టడం) మీద జవాబు రాస్తే ఈ చెప్పుల ఉదాహరణ వాడండి, పేపరు దిద్దేవాళ్లకు గుర్తుండిపోతుంది.

అకోసొంబో డ్యామ్ మరో రకం. 1965లో పూర్తయింది. సుమారు 80,000 మంది ఊళ్లు వదలాల్సివచ్చింది, 8,500 చదరపు కిలోమీటర్ల జలాశయం ఏర్పడింది. డ్యామ్ కట్టడానికి అప్పు పుట్టాలంటే కరెంటు కొనే పెద్ద గిరాకీదారు కావాలి. అమెరికాకు చెందిన కైజర్, రెనాల్డ్స్ కంపెనీలు తెమాలో అల్యూమినియం కరిగించే వాల్కో ఫ్యాక్టరీ పెట్టి, పుట్టిన కరెంటులో సగానికి పైగా అతి చవక ధరకు దీర్ఘకాలిక ఒప్పందం మీద తీసుకున్నాయి. ఘనాలో బాక్సైట్ గనులున్నాయి. వాల్కో మాత్రం బాక్సైట్‌ను శుద్ధి చేస్తే వచ్చే అల్యూమినా పొడిని దిగుమతి చేసుకుంది. ఓడలో వచ్చిన పొడి ఘనా కరెంటుతో లోహమై మళ్లీ ఓడెక్కింది. మధ్యలో దేశంలో మిగిలింది కొన్ని జీతాలు, కాస్త కరెంటు బిల్లు. దీన్నే ‘ఎన్‌క్లేవ్’ పరిశ్రమ అంటారు. పరాధీనతా సిద్ధాంతానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం. కరెంటు రేటు మీద 1985లో బేరం మళ్లీ మొదటికి తెచ్చి ధర పెంచుకోగలిగారన్నది కూడా రాయండి. ఫ్రాంక్ చెప్పినంత గట్టి సంకెల కాదది.

ఇక ప్రెబిష్-సింగర్. ఇద్దరూ 1950లో విడివిడిగా చెప్పారు: ముడిసరుకుల ధరలు పారిశ్రామిక సరుకులతో పోలిస్తే దీర్ఘకాలంలో పడిపోతాయని. ఆదాయం రెట్టింపైతే మనిషి రెట్టింపు చాక్లెట్ తినడు కానీ కారు కొంటాడు, ఇది మొదటి కారణం. రెండోది, ఫ్యాక్టరీలో ఉత్పాదకత పెరిగితే సంఘాలున్న కార్మికుడి జీతం పెరుగుతుంది. తోటలో దిగుబడి పెరిగితే గింజ ధర పడుతుంది. వర్తక నిబంధనలంటే (టర్మ్స్ ఆఫ్ ట్రేడ్) ఎగుమతి ధర పడిపోవడమని రాస్తుంటారు, అది తప్పు. అది నిష్పత్తి. ఎగుమతి ధరల సూచీ 90, దిగుమతి ధరల సూచీ 120 అయితే 90÷120×100 = 75. ఎగుమతి పరిమాణం 20 శాతం పెరిగితే ఆదాయ వర్తక నిబంధనలు 75×1.2 = 90. ధర పడినా దేశం కొనుగోలు శక్తి అంతగా పడలేదన్నమాట. రెండూ విడిగా చూపండి.

ఆధార సంవత్సరం దగ్గర మోసపోకండి. కోకోకు 1954, 1977 శిఖర ధరలు. అక్కడి నుంచి గీత మొదలుపెడితే ప్రెబిష్ దేవుడిలా కనిపిస్తాడు. 2000లో ధర అడుగంటి ఉంది. అక్కడ మొదలుపెట్టి 2024 దాకా గీస్తే సిద్ధాంతమే తలకిందులవుతుంది. కోకోలో దీర్ఘకాలిక పతనం కన్నా ఒడుదొడుకులే ఎక్కువ దెబ్బతీశాయన్నది మా అభిప్రాయం. మొక్క పెట్టిన మూడు నాలుగేళ్లకు గాని కాపు రాదు కాబట్టి ధర ఎక్కువున్నప్పుడు పెట్టిన తోటలన్నీ ఒకేసారి కాపుకొచ్చి ధరను పడగొడతాయి.

1970ల కథలో ఫ్రాంక్ సరిపోడు. 1964-65లో దాదాపు 5.5 లక్షల టన్నులున్న కోకో పంట 1983-84కి సుమారు 1.6 లక్షల టన్నులకు పడిపోయింది. పక్కనున్న ఐవరీ కోస్ట్ ఆ మధ్యలోనే ఘనాను దాటేసింది. దోషి ఘనా కరెన్సీ అయిన సెడీ మారకం రేటు. 1978 నుంచి 1983 దాకా డాలరుకు 2.75 సెడీల దగ్గరే కట్టేశారు. బయట బజారులో దానికి ఎన్నో రెట్లు పలికేది. ఇది రైతుకు ఎలా తగులుతుందో చూడండి. టన్ను 2,000 డాలర్లకు అమ్ముడైందనుకోండి. అధికారిక రేటున 5,500 సెడీలు. బయట రేటు పదింతలైతే నిజమైన విలువ 55,000. బోర్డు ఒక్క పైసా పన్ను వేయకపోయినా రైతు పదింట తొమ్మిది వంతులు పోగొట్టుకుంటాడు. రసీదు మీద ఎక్కడా కనిపించని పన్ను అది. రైతులు చేసిందేమిటి? సరిహద్దు దాటించి ఐవరీ కోస్ట్‌లోనో టోగోలోనో అమ్మారు, లేదా చెట్లను గాలికొదిలేశారు. ఇక్కడ ఒక జాగ్రత్త. 1983లో కరువు, కార్చిచ్చులు వచ్చాయి. నైజీరియా దాదాపు పది లక్షల మంది ఘనా వాళ్లను వెళ్లగొట్టింది కూడా ఆ ఏడాదే. కాబట్టి ఆ ఒక్క అంకె చూపించి మొత్తం విధానాలదే తప్పని రాయకండి, పదిహేనేళ్లుగా దిగుతున్న ధోరణిని చూపండి.

1983 ఏప్రిల్‌లో రాలింగ్స్ ప్రభుత్వం ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకులతో ఆర్థిక పునరుద్ధరణ కార్యక్రమం మొదలుపెట్టింది. సెడీ విలువ తగ్గించారు, రైతు ధర పెంచారు. పంట తేరుకుంది, 2010-11లో పది లక్షల టన్నులు దాటింది. అంటే బేట్స్ గెలిచినట్టేనా? ధర సరిచేస్తే పంట వస్తుందన్నంత వరకూ గెలిచాడు. కానీ అదే ఘనా, చమురు కూడా దొరికాక, 2022 డిసెంబరులో విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేసింది. 2023 మేలో 300 కోట్ల డాలర్ల ఐఎంఎఫ్ కార్యక్రమంలోకి వెళ్లింది. అది ఆ దేశానికి పదిహేడోది. పంట పెరగడం వేరు, ఎగుమతుల స్వరూపం మారడం వేరు. ఈ రెండోదానికి ప్రెబిష్‌ను మళ్లీ పిలవాలి.

‘1957లో ఘనా, దక్షిణ కొరియా ఆదాయాలు సమానం’ అనే పోలిక అందరూ రాస్తారు. రాస్తే రాయండి, అక్కడితో ఆపకండి. కొరియాలో 1949 చట్టంతో భూసంస్కరణ జరిగి కౌలు భూములు దున్నేవాళ్ల చేతికొచ్చాయి, అక్షరాస్యత చాలా ముందుంది, అమెరికా సాయం కుండపోతగా వచ్చింది. 1960ల నుంచి ప్రభుత్వం చవక అప్పును ఎగుమతి లక్ష్యాలకు ముడిపెట్టింది. లక్ష్యం తప్పిన కంపెనీకి అప్పు కట్. న్క్రుమా ఫ్యాక్టరీలకు ఆ పరీక్షే లేదు. సంస్థల పాత్ర గురించి 2001లో రాసిన అసెమొగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది కాబట్టి ప్రశ్న వస్తుంది, చదవండి. అయితే ‘సంస్థలు బాగాలేవు కాబట్టి పేద’ అని ఒక్క ముక్కలో రాస్తే మార్కులు రావు. ఏ సంస్థ, ఏ ఏడాది, ఏ నిర్ణయం అన్నది రాయాలి. బోర్డు 1954 ధర లాగా.

పరీక్ష సంగతి. నెట్‌లో జతపరచడాలే ఎక్కువ. దానికి పేరు, సంవత్సరం, ముఖ్య భావన ఉన్న ఒక పట్టిక వేరుగా పెట్టుకుని బట్టీ కొట్టండి, సిగ్గుపడక్కరలేదు. మెయిన్స్‌కు ఆ పట్టిక మరిచిపోండి. 250 మాటల్లో రెండు సిద్ధాంతాలు చాలు. మొదటి రెండు వాక్యాల్లో ఆ రెండూ ఏ ప్రశ్నలకు జవాబులో చెప్పండి. తర్వాత వంద మాటలు ఒకే దేశం మీద ఖర్చుపెట్టండి, కనీసం రెండు అంకెలతో. ఆ దేశంలో సిద్ధాంతం ఎక్కడ విఫలమైందో ఒక పేరా. చివర్లో భారతదేశానికి ముడిపెట్టాలని బలవంతంగా మహలనోబిస్‌ను లాక్కురాకండి, ప్రశ్న అడిగితే తప్ప.

మీ తోటకీ దీనికీ సంబంధం ఉంది. ఘనాలో కోకో బస్తా నికరంగా 62.5 కిలోలు, పదహారు బస్తాలు ఒక టన్ను. 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం బస్తాకు 3,000 సెడీలు, అంటే టన్నుకు 48,000 సెడీలు ప్రకటించింది. డాలరు అప్పుడు 15, 16 సెడీల మధ్య ఉంది కాబట్టి టన్నుకు దాదాపు 3,000 డాలర్లు. న్యూయార్క్‌లో ధర 7,000 పైన ఉంది. బోర్డు పంటను ముందే అమ్మి పెట్టుకుంది కాబట్టి ధర ఎగిసినప్పుడు రైతుకు ఆ లాభం అందలేదు. అదే ఏడాది వేసవిలో మన దగ్గర ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా వెళ్లాయి. మనకు బోర్డు లేదు, కంపెనీ చెప్పిందే ధర. తర్వాత ధర దిగినప్పుడు ఆపే బోర్డూ లేదు. నాన్నగారి దగ్గర పాత చీటీలుంటే నెలవారీ ధరలు రాసుకుని, ఘనా ధరను కిలోకి, రూపాయల్లోకి మార్చి పక్కన పెట్టండి. 1947లో బోర్డు పెట్టినవాళ్ల వాదన, దాన్ని తిట్టినవాళ్ల వాదన రెండూ ఆ రెండు వరసల్లో కనిపిస్తాయి.

ఘనా అయ్యాక రెండో దేశంగా ఐవరీ కోస్ట్ తీసుకోండి. వాతావరణం అదే, పంట అదే, కరెన్సీ వేరు, విధానం వేరు. పదేళ్లలో ఎవరి దేశం ముందుంటుందో చూద్దామని 1957లో ఐవరీ కోస్ట్ నాయకుడు హూఫ్వే-బ్వానీ న్క్రుమాతో పందెం వేశాడు. ఆ పదేళ్లు తిరక్కముందే, 1966 ఫిబ్రవరిలో, న్క్రుమా పదవి పోయింది. కానీ ప్రపంచంలోనే అతి పెద్ద కోకో ఉత్పత్తిదారై కూడా హూఫ్వే-బ్వానీ 1987లో అప్పుల చెల్లింపు ఆపేశాడు, ధర పెరిగేదాకా అమ్మనని పంటను బిగబట్టాడు. ధర ఇంకా పడింది. అంత మార్కెట్ వాటా ఉన్న దేశం కూడా ధరను ఎందుకు నిలపలేకపోయిందో 250 మాటల్లో రాసి చూడండి. ప్రెబిష్, బేట్స్ ఇద్దరూ అందులోకి రావాలి, ఎవరికి ఎన్ని వాక్యాలో మీరే తేల్చండి.